తాబేళ్లు వాపస్ పోయిన రాత్రి

నవ్వకుండ్రి తమ్మీ. ఇది ఎవలో జెప్తే విన్న ముచ్చట గాదు. నా పానం మీదికొచ్చింది. నా బిడ్డ మీద ఒట్టేసి చెప్తున్న. మీరు నమ్ముతరో నమ్మరో... మీ ఇష్టం.

అప్పుడు నేను ఈ రియాద్ సులై క్యాంపుల లేను. సౌదీలనే, సముద్రపు ఒడ్డుకు, జుబైల్‌ల ఉంటి. కువైట్ లడాయి అయిపోయిన ఏడాది. సముద్రం మీదంత నూనె కారింది గద... ఆ నల్ల జిడ్డు తీసే పనికి మమ్ముల పడవల తీస్కపోయేది. నేను, లింగన్న. లింగన్నది మా పక్కూరే, మెట్‌పల్లి దిక్కు. నా కన్న పెద్దోడు.

సముద్రం నడుమ ఒక పగడపు దిబ్బ. దినాల కొద్ది మా పని, మా పడక అక్కడ్నే. చెట్టు లేదు, నీడ లేదు. ఈ కొసకు నిలబడి పిలిస్తే ఆ కొసకు వినవడేంత. నీళ్లల్లకు తొంగి జూస్తే పగడాలు, రంగురంగుల చేపలు. మీదనేమో అడుగు పెట్ట సందు లేకుండ సముద్రపు పిట్టలు. గుడ్ల మీద కూసోని పగలు, రాత్రి ఒకటే లొల్లి.

పొద్దుగూకితే తాబేళ్లు ఒడ్డెక్కేటియి. ఒక్కోటి ఇద్దరు మోసినా లేవదు. ఇసుక ఎగజల్లి, గుంత తవ్వి గుడ్లు పెడ్తయి. అప్పుడు పక్కకు పోయి చెయ్యి పెట్టినా కదలవు. కండ్లల్లకెల్లి నీళ్లు కారుతుంటయి. "పాపం, కాన్పు నొప్పులురా" అంటుండె లింగన్న.

ఒక దినం పగడం గీరుకొని లింగన్న అరికాలు చీరుకపోయింది. సాయంత్రానికి కాలు ఉబ్బింది. ఒళ్లు కాలిపోతున్నది. మమ్ముల ఒడ్డుకు తీస్కపోను పడవ రావాలె... గాలి లేసింది. పడవ రాలే.

సామాన్లు పెట్టే రేకుల షెడ్డుల పండుకున్నం. నీళ్ల డబ్బా బయటనే ఉండిపోయింది.

బయట ఎన్నెల. తాబేళ్లు. ఇసుక... సర్... సర్... నడుమ నడుమ "హుస్స్" అని ఊపిరి. అది మాకు అలవాటే. భయం లేదు.

"నీళ్లు తేరా" అన్నడు లింగన్న.

లేసిన. గప్పుడే... పిట్టల లొల్లి ఆగింది.

ఒక్కసారే. అన్నీ.

ఇసుక చప్పుడు గూడ ఆగింది. ఆ ఎనక బరబర ఈడ్చుకుంట... తాబేళ్లు నీళ్ల దిక్కు పోతున్నయి. చెయ్యి పెట్టినా కదలని తాబేళ్లు... అన్నీ పోతున్నయి.

ఇగ గాలి ఒక్కటే.

తలుపు నూకిన. కదల్లే. అది బయటికి తెరుసుకునే తలుపు. భుజం పెట్టి నూకిన. అవతల ఏదో ఒరిగి ఉన్నది. బరువుగ... మెత్తగ. నేను నూకితే... అది మెల్లగ నన్ను నూకింది.

రేకు లోపటికి వంగింది. కిర్ర్...

"కౌన్ హై?" అన్న.

తలుపు కింది సందులకెల్లి నా కాళ్లకు గాలి తగిలింది. వెచ్చగ. నూనె వాసన. ఊపిరి అది. లోపటికి గుంజింది... ఆగింది... ఎంతసేపు ఆగిందంటే, పోయిందనుకున్న.

మల్ల విడిచింది.

లింగన్న ఈడ్చుకుంట గోడ కాడికి పోయిండు. రేకుకు మొల కొట్టిన బొక్క ఉన్నది. కన్ను పెట్టి జూసిండు. జూస్తనే ఉన్నడు.

"ఏందన్నా?"

కన్ను తీసి, బొక్కను అరచేత్తోని మూసిండు. గట్టిగ.

"జర జరుగన్నా, నేను జూస్త."

తలకాయ అడ్డం ఊపిండు. తెల్లారెదాక ఆ చెయ్యి తియ్యలే. అంత జరంల గూడ మల్ల నీళ్లు అడగలే.

చుట్టు సముద్రం. నడుమ ఈ డబ్బా అసొంటి షెడ్డు. తలుపుకు అది. ఏడికి ఉరకాలె చెప్పుండ్రి? ఊపిరి తీస్తె దానికి వినవడ్తదేమోనని నోరు మూసుకొని కూసున్న.

తెల్లారంగ పిట్టలు మల్ల ఒర్రినయి. తలుపు అప్పటికీ రాలే. ఎనక రేకు ఊడగొట్టి బయటవడ్డ. తలుపుకు నడుమెత్తు ఇసుక. నీళ్ల కాడికెల్లి తలుపు దాక ఒక జాడ. తాబేలు జాడకైతే రెండు దిక్కుల రెక్కల అసొంటి కాళ్ల గుర్తులుంటయి. దీనికి లేవు. వచ్చిన జాడ ఉన్నది... పోయిన జాడ లేదు. దిబ్బంత తిరిగిన. ఏం లేదు.

పడవ నడిపే ముసలి సౌదీ అప్పుడొచ్చిండు. జాడ జూసి ఆగిండు. కాళ్లతోని దాన్ని చెరిపి, "యల్లా, యల్లా" అని జల్ది చేసుకుంట లింగన్నను ఎత్తుకున్నడు. నన్ను ఎనకకు తిరిగి చూడనియ్యలే.

దవఖానల లింగన్న బతికిండు. కాలు నయమైంది. కొలువు ఇడిసి, ఎగ్జిట్ వీసా కొట్టిచ్చుకొని ఇంటికి పోయిండు. మొన్న సెలవుల పోయినప్పుడు వాళ్లింటికి పోయిన.

"అన్నా, నిజం చెప్పు. అది తాబేలేనా?"

తన అరచెయ్యి దిక్కు జూసుకున్నడు. "ముందుగాల తాబేలే అనుకున్న రా..." అన్నడు.

అంతల వదిన చాయ తెచ్చింది. ఆమెను జూసి మాట మింగిండు. మల్ల ఎంత అడిగినా చెప్పలే.

మీరన్నట్టు పెద్ద తాబేలే గావచ్చు. నూనె మింగి దారి తప్పిందేమో. నాకు తెల్వది తమ్మీ. కానీ... ముందుగాల అన్నడు గద.

మరి ఆ ఎనక ఏమనుకున్నడు?