వినని క్యాసెట్

రామసుబ్బయ్యది రాయచోటి పక్కన పగటివేషాలు కట్టే ఇల్లు. కువైట్‌లో మాత్రం నాతోపాటు అల్ రాయ్ గోడౌన్‌లో బస్తాలు మోసేవాడు. ఒట్టి పనిదొంగ. ఒకసారి మేస్త్రీ గొంతుతో తనే "యల్లా, ఖలాస్" అని, పని అయిపోయింది పదండన్నట్టు అరిచి, అందరినీ గంట ముందే గదికి పంపేశాడు. తిట్లు పడింది నాకు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

రిగ్గైలోని మా గదిలో శుక్రవారమంటే క్యాసెట్ల రోజు. మాలో చాలామందికి చదువు రాదు. ఊళ్లో ఇంటివాళ్లు తమ మాటలు క్యాసెట్‌లో నింపి, సెలవు ముగించుకుని వచ్చేవాళ్ల చేతికిచ్చేవారు. అరబ్బుల ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు కూడా వచ్చి, మా టేప్ రికార్డర్‌లోనే వినేవారు. ఒకరి కష్టం ఇంకొకరికి దాపరికం లేదు.

తొంభైలో, ఆగస్టు రెండున, ఇరాక్ సైన్యం దిగింది. పది రోజులకు ఇద్దరు సైనికులు తలుపు కొట్టి టేప్ రికార్డర్ ఎత్తుకుపోయారు. ఆ తర్వాత మాట్లాడుకోవడమే మానేశాం. భయమందామంటే గుండె కొట్టుకోవాలి కదా, అదీ లేదు. రొట్టె కోసం వరసలో నిలబడటం, వచ్చి గోడకు ఆనుకోవడం, అంతే.

ఒక మధ్యాహ్నం రామసుబ్బయ్య ఉన్నట్టుండి మా గదిలోని నాగరాజు వాళ్లమ్మ గొంతు ఎత్తుకున్నాడు. ఆమె పంపిన క్యాసెట్ మొత్తం, దగ్గుతో సహా.

"బర్రె ఈనినాది నాగా. దూడ మీ మామ మాదిరే ఉండాది, తినేదొకటే పని."

నాగరాజు నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. ఆ పూట అందరం కూర్చుని అన్నం తిన్నాం. మర్నాటి నుంచి రోజుకొకరి ఇల్లు పలికించాడు. ఇట్లాంటి రోజుల్లో వేషాలేమిటని తిట్టింది నేనే. నా భార్య గొంతు వినిపించిన రోజున మాత్రం నోరు మూసుకుని విన్నాను.

అప్పుడొచ్చింది బుడేన్‌బీ, జహ్రా నుంచి. అక్కడ అరబ్బుల ఇంట్లో పని, ఏళ్లుగా తోటి ఆడవాళ్లతో కలిసి శుక్రవారాలు మా గదికి వచ్చేది. ఆమె యజమానులు సౌదీకి పారిపోయారు. ఆమె చేతిలో ఒక క్యాసెట్ ఉంది, ఇంటి నుంచి ఆమెకు వచ్చిన మొదటిది, అంతకుముందు ఉత్తరాలే. మంగళవారం అందింది, శుక్రవారం మా గదిలో విందామనుకుంది, గురువారమే సైన్యం వచ్చిపడింది. కూతురు రేహానాకు ముందు రెండు కాన్పుల్లోనూ బిడ్డ దక్కలేదు. మూడో కాన్పు అయ్యాక నింపి పంపిన క్యాసెట్ అది. చుట్టుపక్కల గదుల్లో టేప్ రికార్డర్ కోసం అడిగాం. లేనివాళ్లు లేదన్నారు, ఉన్నవాళ్లూ లేదన్నారు. ఆమె నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

మూడో రోజు ఆమే అడిగింది. "నువ్వే చెప్పు రామసుబ్బన్నా."

"నేను ఇనల్యా గదక్కా. చూడని వేషం కట్టగూడదని మా నాయన మాట."

"చెప్పన్నా."

అతను నావైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. గొంతు సవరించుకుని, సన్నటి ఆడగొంతుతో మొదలుపెట్టాడు.

"అమ్మా, నేను రేహానాను. మగబిడ్డ పుట్నాడు. ముక్కు నీదే. ఏడుపు మాత్రం వాళ్ల నాయనది, ఈదంతా లేసి కూచుంటాంది."

ఎవరూ నవ్వలేదు. బుడేన్‌బీ చేతిలోని క్యాసెట్‌ను ఒళ్లో పెట్టుకుంది.

"మా ఇంట్లో తురకమాటే అన్నా. నా బిడ్డ పుట్టినప్పట్నించి నాతో తెలుగులో ఒక్క మాట మాట్లాడిందిల్యా."

రామసుబ్బయ్య ముఖం పాలిపోయింది. ఇన్నేళ్లుగా ఆమె మాతో తెలుగే మాట్లాడుతుంటే, మాలో ఒక్కరికీ ఆ ఆలోచనే రాలేదు. నాకు సిగ్గేసింది.

ఆమె అన్నం గిన్నె దగ్గరికి లాక్కుంది.

"పోనీలే. ఇంగోసారి చెప్పు" అంది.