ఎస్తేరు చేతిలో టెంకాయ

నేను కూచిపూడి టీచర్ని. నా దగ్గర ఎనిమిదేళ్లు నేర్చుకున్న ఎస్తేరు గజ్జెలు పక్కనపెట్టి, ఎండిపోతున్న పొలాల మీద ఏదో కొత్తరకం నాట్యం చేస్తోందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు మండిన మాట నిజం. ఒక్కసారి వచ్చి చూసి, ఆ తర్వాత తిట్టమంది. తిట్టడానికే విజయవాడలో రాత్రి బస్సెక్కాను.

ఉదయం ఆరున్నరకు ప్రొద్దుటూరులో దిగేసరికి ఎస్తేరు వాళ్ల ఊరు రాజుపాలెం నుంచి వచ్చి నిలబడి ఉంది. బస్టాండు ఎదురుగా బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఇటు వచ్చేవాళ్లు అది తినకుండా పోవద్దు, మిరపకాయ బజ్జీతో మాత్రం జాగ్రత్త. ఎనిమిదింటికి జమ్మలమడుగు బస్సు, అక్కడ గంటసేపు పడిగాపులు, తర్వాత పులివెందుల బస్సు. పక్కన కూర్చున్నావిడ మేం వెళ్లే పని కనుక్కుంది.

"నీళ్లు లేక చీనీచెట్లు కొట్టేస్తాండారు. డాన్సు జూసి ఏం జేస్తారమ్మా?" అంది.

చీనీ అంటే ఇక్కడ బత్తాయి. నా మనసులో మాటే ఆవిడ అనేసింది.

పులివెందుల దగ్గర పల్లెలో ఓబుల్ రెడ్డి అనే రైతు తోటలో నాట్యం. ఏడు బోర్లు వేయిస్తే ఏడూ ఎండిపోయి, ఆయన సగం తోట నరికేశాడు. ఆ ఖాళీలోనే సాయంత్రం ఐదింటికి ఎస్తేరు మొదలుపెట్టింది. ఇక్కడ నీళ్లు చూసేవాళ్లు అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని పొలమంతా నడుస్తారు. కాయ లేచి నిలబడిన చోట బోరు వేస్తారు. ఎస్తేరు ఆ నడకనే ఆడింది. కాయ లేస్తుంది, ఆమె నేల తవ్వుతుంది, ఒట్టి చేతులతో కూలిపోతుంది, మళ్లీ నడుస్తుంది. అలా ఏడుసార్లు. నాలుగోసారికి నేనూ ఆమెతోపాటు నేలవైపు వంగి చూస్తున్నాను. తిట్టే పని తప్పింది.

ఓబుల్ రెడ్డి మాత్రం మొదటిసారి వరకే చూశాడు. కాయ లేచిన చోట గబగబా రాయి పెట్టి, పసుపు పూసి, ఫోను పట్టుకుని అవతలికి పోయాడు. తెల్లారి తొమ్మిదింటికి బోరు లారీ వస్తుందట. ఎస్తేరు ఆయన వెంటపడింది. అది ఉత్త నాట్యమేనని ఎంత చెప్పినా ఆయన వినలేదు.

"నువ్వు ఆడినా, కాయ ఆడదు గదా పాపా" అన్నాడు.

ఆ పూట వాళ్లింట్లో సంగటి పెడితే పిల్ల ముద్ద ముట్టలేదు. బోర్ల గోస చూపించిన ఆటే ఎనిమిదో బోరు వేయించబోతోంది.

ఉదయం ఏడింటికి ఎస్తేరు టెంకాయ పట్టుకుని ఆయన్ని మిద్దె మీదికి పిలిచింది. వెనకే నేనూ మోకాళ్లు పట్టుకుని ఎక్కాను. సిమెంటు గచ్చు మీద నాలుగడుగులు వేసింది. కాయ లేచి నిలబడింది. పిట్టగోడ దగ్గర మళ్లీ నిలబడింది.

"ఈడ గూడా బోరు ఏపిద్దామా మామా?"

ఆయన కాయ తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఎస్తేరు ఆయన చేయి పట్టుకుని మణికట్టు ఎంత వంచాలో, వేళ్లు ఎప్పుడు బిగించాలో చూపింది. నేను నేర్పిన మణికట్టే అది. మూడోసారికి ఆయన అరచేతిలోనూ కాయ లేచింది. కాయ కింద పెట్టి, ఫోను తీసి లారీని రావద్దన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎస్తేరు అక్కడే కూర్చుని ఏడ్చింది, ఆ తర్వాత మూడు దోసెలు తింది.

ఒంటిగంట బస్సుకు తిరుగు ప్రయాణం. చూసేవాళ్లు నమ్మేలా ఆడమని ఇన్నేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. చూసిన మనిషి నమ్మడం మానుకున్నందుకు సంతోషపడటం ఇదే మొదలు. ముద్దనూరు దగ్గర బోరు లారీ ఒకటి ఎదురొచ్చి పులివెందుల వైపు పోయింది. ఎస్తేరు కంగారుగా ఓబుల్ రెడ్డికి ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"మా యింటికి కాదులేమ్మా. నేనింకా మిద్దె మీదనే ఉండా. పక్క చేను ఆయప్ప వచ్చినాడు, కాయ లేసిందని రేపు బోరు ఏపిస్తాడంట. కాయ ఎట్ల లేపాల్నో ఆయప్పకు నేర్పిస్తాండా."