ఎనభై అయిదు లెన్సు ముందు అక్క

గల్ఫ్‌లోని మా తెలుగు చర్చి ఫెలోషిప్‌లో ఫొటోలన్నీ తీసే అక్క, బటన్ నొక్కే ముందు ఎదుటివాళ్ల దగ్గరికి వెళ్లి కాలరో, తలమీది చెంగో సర్దేది. ఆ చెయ్యి తగిలితే ఎంత బిగుసుకుపోయినవాళ్లయినా తేలికపడేవాళ్లు.

అందరూ డిజిటల్‌కి మారుతున్న రోజుల్లో నేను రీలు కెమెరా నేర్చుకుంటున్నాను. మొహాలు తీసే లెన్సు కోసం ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని పాత కెమెరాల కొట్టుకి ఆమెతో వెళ్లాను. నూట ముప్పై అయిదు మిల్లీమీటర్లది అడిగాను. దాంతోనైతే వెనక వరసలో నిలబడే తీయొచ్చు.

"దాక్కోవడానికా?" అంది అక్క. "మన హాల్లో ట్యూబులైటు వెలుగు దానికి చాలదు, ఫొటో కదిలిపోద్ది. ఎనభై అయిదు తీసుకో. నాలుగడుగులు ముందుకెళ్తే నిన్నెవరూ కొరకరులేవే."

ఎనభై అయిదే కొన్నాను.

ఆ నెలలోనే అక్క వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరెళ్లిపోతోందని తెలిసింది. ఆమె ఫొటో ఎవరి దగ్గరా లేదు. చివరి శుక్రవారం ఆరాధన అయ్యాక ఆ పని నామీద పడింది. రీలు కడిగేదాకా ఫొటో వచ్చిందో లేదో తెలియదు, ఇంకో శుక్రవారం లేదు. దగ్గరికి వెళ్లాను. అక్క తన చెంగు సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది, గోడవైపు చూసింది.

"ఆ నూట ముప్పై అయిదే కొనిపించాల్సింది నీ చేత," అంది మెల్లగా.

ఆమె చూపు నావైపు తిరిగేదాకా ఆగి నొక్కాను.

ఫొటో చూసి ఫెలోషిప్‌లో అందరూ, ఈ బెదురుమొహం మన అక్కది కాదన్నారు. పోస్టులో పంపితే అక్క ఫోన్ చేసింది.

"అచ్చం నేనే. ఎవరికీ చూపించకే," అంది.

అందరూ చూశారనీ, ఎవరూ గుర్తుపట్టలేదనీ నేను ఆమెకి చెప్పలేదు.