నూరేళ్ళ వాయిదాలూ, మా ఎనుమూ

లెక్కలో తప్పు లేదు. ఆనాడు కోర్టులో అందరూ నవ్విన మాట నిజమే కానీ, నా కూడికలో గానీ భాగహారంలో గానీ తప్పు పట్టినవాడు ఒక్కడూ లేడు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు మనశ్శాంతి.

కడప జిల్లాలో ఒక నేతగాళ్ళ ఊళ్ళో మగ్గం నేసేవాణ్ణి. బడికి పోలేదు. ఎక్కాలు మగ్గం పక్క గోడమీద బొగ్గుతో రాసుకుని, పోగుల మధ్య నాడెను అటూ ఇటూ విసురుతూ నేర్చుకున్నాను. నలభై నాలుగేళ్ళు వచ్చేసరికి వీధిలో ఎవరి లెక్క చిక్కుపడినా నా దగ్గరికే తెచ్చేవారు. అలాంటి నేనే నూలు అప్పు తీర్చలేకపోయాను. ఆ ఏడు చీరలు అమ్ముడుపోలేదు. అరువుకు నూలిచ్చిన సావుకారు దావా వేసి, ఖర్చులతో కలిపి డెబ్బై ఐదు రూపాయలకు డిక్రీ తెచ్చుకున్నాడు.

మగ్గాన్ని జప్తు చేయడానికి చట్టం ఒప్పుకోదట. అందుకని కోర్టు అమీను ఇల్లంతా కలయజూసి, పెరట్లో ఎనుము దగ్గర ఆగాడు. ఎనుమంటే గేదె. మా సీమలో గేదె అని పిలిస్తే మనుషులే కాదు, అది కూడా పలకదు. "వారంలోపల కోర్టులో చెప్పుకోప్పా, లేదంటే దీన్ని వేలమే" అని చెప్పి వెళ్ళాడు. దూడనాటి నుంచి దాన్ని సాకింది మా ఆవిడ. ఆ పూట ఆమె సంగటి ముట్టలేదు.

నేను మాత్రం ధైర్యంగానే ఉన్నాను. అప్పును తాహతుకు తగినట్టు నెలనెలా వాయిదాలుగా కట్టుకుంటామని కోరుకోవచ్చని విన్నాను. తాహతు ఎంతో తేల్చడానికి నాకన్నా తగినవాడెవడు? రెండు రోజులు మగ్గం ఆపి లెక్క కట్టాను. నెలకు రాబడి తొమ్మిది రూపాయలు. జొన్నలకు నాలుగు రూపాయలు, పప్పూ ఉప్పూ మిరపకాయలకు రూపాయిన్నర, ఇంటి బాడుగ ఒక రూపాయి, దీపం నూనె అర్ధ రూపాయి, గుడ్డలకూ క్షవరానికీ పదణాలు, ఎనుము మేతకూ పత్తిగింజలకూ రూపాయి నాలుగణాలు. చివరగా సున్నం, ఒక అణా. మా ఇంట్లో తాంబూలం వేసేవాళ్ళు లేరు, గోడలకు సున్నం కొట్టిందీ లేదు. ఎందుకని అడిగితే మా ఆవిడ "ఆడోళ్ళ పనిలే" అనేది. ఖర్చు ఖర్చే కాబట్టి రాశాను. మొత్తం ఎనిమిది రూపాయల పదిహేనణాలు. మిగులు ఒక అణా.

డెబ్బై ఐదు రూపాయలంటే పన్నెండు వందల అణాలు. నెలకొక అణా చొప్పున సరిగ్గా నూరేళ్ళు. శేషం లేకుండా తెగినందుకు ఎంత సంతోషపడ్డానో! అర్జీలో ఆ ముక్క కింద గీత కూడా గీశాను.

కోర్టులో తీర్పు చెప్పే మునసబుగారు అర్జీ చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"నీ వయసెంత?"

"నలభై నాలుగు, దొరా."

"అయితే చివరి వాయిదా నాటికి?"

"నూట నలభై నాలుగు, దొరా." అడిగేవాళ్ళ నోట్లో మాట నోట్లో ఉండగానే జవాబు చెప్పడం నాకలవాటు.

కోర్టు గొల్లుమంది. సావుకారు పక్కన కూర్చున్న ఆయన వకీలు నవ్వకుండా లేచాడు. "దొరగారూ, ఈయన లెక్కే ఈయనకు మందు. ఎనుముకు నెలకు రూపాయి నాలుగణాలు ఖర్చు. రాబడి గడిలో దాని పేరే లేదు. తినడమే కానీ ఇచ్చేది లేని జంతువును వేలం వేస్తే ఈయనకు మేలే. అప్పుడు నెలకు రూపాయి ఐదణాలు మిగులుతుంది."

మనసులో కూడుకున్నాను. అణాకు రూపాయి నాలుగణాలు కలిపితే రూపాయి ఐదణాలు. "లెక్క సరిపోయింది దొరా" అన్నాను. పైకే అన్నాను.

వరండాలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "సరిపోయిందా! నీ నోట్లో మన్నుబడ, ఎనుమును నువ్వే అమ్మించేటట్టుండావు కదయ్యా!"

బంట్రోతు ఉష్షంటున్నా ఆమె గుమ్మం దాకా వచ్చేసింది. "సామీ, అది శానా పాలిస్తాది. ఈయప్ప రాయలేదంతే."

"ఎందుకు రాయలేదు?" అని మునసబుగారు నన్నడిగారు.

ఎలా రాస్తాను? మా వీధిలో పాలమ్మిన దుడ్లు ఆడవాళ్ళవి. మగవాడు ఆ డబ్బు అడిగితే, మగ్గంగుంటలో కూర్చున్నా తల ఎత్తుకోలేడు. ఎవరికి పోస్తుందో, ఎంత వస్తుందో ఇరవై ఏళ్ళలో నేనడగలేదు. తెలియని అంకె రాయడం నా లెక్కల్లో లేదు. అదే చెప్పాను.

"ఎవరికి పోస్తావమ్మా?" అన్నారు మునసబుగారు.

ఆమె వేలు నేరుగా సావుకారు మీదికి తిరిగింది. "ఈ సావుకారింటికే సామీ. దినానికి సేరు, సేరు అణా. దుడ్లు ఇంకా రాలేదు. వాళ్ళ పెరటి గోడమీదే ఉండాది లెక్క, పోయి చూసుకోండి."

సావుకారు తెల్లమొహం వేశాడు. ఆయన ఇల్లు కోర్టు వెనక వీధే. మధ్యాహ్నం భోజనాల వేళకు అమీనూ, సావుకారూ, నేనూ, మా ఆవిడా, పని లేని మరో పదిమందీ ఆ పెరట్లో నిలబడ్డాం. ఎర్రమట్టి గోడనిండా తెల్లని సున్నపు చుక్కలు, వరుసకు ముప్పై, ఎనిమిది వరుసలు. నెలనెలా నా సున్నపు అణా ఎక్కడికి పోతోందో అప్పుడు కళ్ళారా చూశాను.

"నెలలో ముప్పై ఒక దినాలుంటే?" అని అడగకుండా ఉండలేకపోయాను.

"నెలతో నాకేం పనయ్యా? ముప్పై సేర్లకొక వరస."

రెండువందల నలభై అణాలు, పదిహేను రూపాయలు. రెండుసార్లు లెక్కపెట్టాను. అందులో ఒక వరుసలో ఒక చుక్క బల్లి గుడ్డు అని అమీను వాదించాడు. గోరుతో గీకి చూస్తే సున్నమే.

ఇంతలో సావుకారు భార్య పాలచెంబుతో బయటికి వచ్చింది. సంగతి విని మొగుడి మీద విరుచుకుపడింది. "ఆ ఎనుమునా వేలం ఏయిస్తాండేది? ఆ పెరుగు లేనిదే నీకు ముద్ద దిగదు కదా! రేపట్నించి యాడికి పోయి తింటావో తిను!"

"నాకేం తెలుసు, అన్నీ ఎనుములే కదా" అన్నాడు సావుకారు సన్నగా.

సాయంత్రం ఆయన వాయిదాలకు ఒప్పుకున్నాడు. పదిహేను పోగా అరవై రూపాయలు. నెలకు ముప్పై సేర్ల పాలు అప్పు కింద జమకడితే రూపాయి పద్నాలుగణాలు. అరవైని దానితో భాగిస్తే ముప్పై రెండు నెలలు, శేషం లేదు. మునసబుగారికి నేనే చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"కోర్టు ఉత్తర్వులో పాలు రాయలేను. నెలకు రూపాయి పద్నాలుగణాలని రాస్తాను. అది చెంబులో పోతుందో చేతిలో పోతుందో మీలో మీరు చూసుకుని, నెలనెలా రసీదు తెచ్చి చూపించండి" అన్నారాయన.

ఎనుము మాకే మిగిలింది. అది వట్టిపోయిన నెలల్లో మా ఆవిడ తన మూటలోంచి నాణేలు తీసి చెల్లించింది. ఆ మూటలో ఎంతుందో నేను చూడలేదు. చూడబోతే మూట కొంగుచాటుకు పోయేది. రసీదులు మాత్రం నా చేత కోర్టుకు మోయించింది. వకీలు ఎదురుపడినప్పుడల్లా "ఏమప్పా, ఇంకా ఎన్నేళ్ళు?" అని పలకరించేవాడు. మిగిలిన నెలలెన్నో చెప్పేవాణ్ణి.

ముప్పై రెండో రసీదు చూపించి వచ్చిన రోజు లెక్కల పుస్తకంలో ఎనుము పేర కొత్త పేజీ తెరవబోయాను. "ఆ పేజీ మూసెయ్" అంది మా ఆవిడ. మూసేశాను. ఆ నెల నుంచి ఖర్చులో సున్నం రెండణాలైంది. ఎవరింటి గోడ కోసమో నేనడగలేదు.