ఆగు అనాల్సిన చోట

హోటలు వెనకవైపు లాండ్రీలో ఆమె గొంతు వినపడని మూల లేదు. ఉతికే యంత్రాల రొద, ఆవిరి బుసలు, తోపుడు బండ్ల గరగర, అన్నిటినీ దాటుకుని ఆమె కేక దూసుకొచ్చేది. అందుకే తోటివాళ్లు సైరనక్క అని పేరు పెట్టారు. "కానివ్వండి తల్లీ, దుప్పట్లు మన మొహం చూసి వాటంతటవే ఆరవు!" అనేది. "ఒక్క పట్టు పట్టండమ్మా, టీ చల్లారిపోతోంది" అనేది. తిట్టినట్టే ఉండేది, నవ్వొచ్చేది, చెయ్యి కదిలేది. ఆ నోటి చలవతోనే ఆమె ఇన్‌ఛార్జి అయింది.

కొత్త మేనేజరు రావడంతో చిక్కొచ్చిపడింది. హోటల్లో అందరూ ఒకే పద్ధతిలో, మర్యాదగా, ఇంగ్లీషులో పని చెప్పాలట. లాండ్రీలోకి ఏ అతిథి వచ్చి వింటాడో ఎవరికీ అర్థం కాలేదు. అయినా ఒక శిక్షకురాలు వచ్చి ఇన్‌ఛార్జిలందరికీ నేర్పింది. మొదలెట్టమనాలంటే 'గో అహెడ్'. బాగా చేస్తుంటే 'కీప్ ఇట్ అప్'. డీలాపడిన వాళ్లకు 'కమాన్, యూ కెన్ డూ ఇట్'. కాస్త ఆగమనాలంటే 'హోల్డ్ ఆన్'. 'ఏయ్'లూ 'కానివ్వండి'లూ ఇక వినపడకూడదంది.

సైరనక్క మొండికెయ్యలేదు. పొయ్యి దగ్గర నిలబడి ఆ మాటలన్నీ వల్లెవేసింది. ఆమె తోడికోడలు పక్కనే కూరలు తరుగుతూ విని విని, "అక్కా, నువ్వు మాట్లాడుతుంటే జలుబు చేసినట్టుంది" అని పడీపడీ నవ్వింది. వాళ్లిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది, ఒకే లాండ్రీ. తోడికోడలి పని ఇస్త్రీ రోలరు దగ్గర.

లాండ్రీలో మాత్రం అంత నవ్వులాటగా సాగలేదు. తువ్వాళ్లు మడిచే ఆవిడను మెచ్చుకుంటూ "కీప్ ఇట్ అప్" అంటే, ఆవిడ మడిచిన కట్టంతా మోసుకెళ్లి పై అరలో పెట్టేసింది. బండి తోసే ఆయనతో "గో అహెడ్" అంటే, ఖాళీ బండితో ముందుకు, ముందుకు, గుమ్మం దాటి లిఫ్టు దాకా పోయాడు. మొదట్లో అందరూ నవ్వారు. పోనుపోను విసుక్కున్నారు. "ఏం చెయ్యాలో మన భాషలో చెప్పి పుణ్యం కట్టుకో" అన్నారు. ఆమెకూ ఆ మాటలు చప్పున తట్టేవి కావు. నోరు తెరిచే ముందు వెతుక్కోవాల్సి వచ్చేది. ఇంతకాలం వెతుక్కోకుండా బతికిన మనిషి.

ఒక ఉదయం రోలర్ల మధ్య దుప్పటి ఉండచుట్టుకుపోయింది. యంత్రం ఆపారు. తోడికోడలు అడ్డుపలక ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి గుడ్డ లాగుతోంది. అవతలి కొసన, బటన్ దగ్గర కొత్తగా చేరిన ఆవిడకు ఇదేమీ కనపడదు. "వెయ్యనా?" అని కేకేసింది.

'ఆగు' అన్న మాట సైరనక్క నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో మేనేజరు కనిపించాడు. ఆమె ఆ మాట మింగేసి, "హోల్డ్ ఆన్!" అంది.

ఆ రొదలో అవతలికి 'ఆన్' ఒక్కటే చేరింది. కొత్తావిడ బటన్ నొక్కింది.

తర్వాత సైరనక్క పెట్టిన కేకకు వంటశాలలోంచి కూడా జనం పరుగెత్తుకొచ్చారు. యంత్రం ఆగింది. అప్పటికే తోడికోడలి కుడిచేతి వేళ్లు కమిలి, కాలి, బొబ్బలెక్కాయి.

మేనేజరు ఆసుపత్రికి పళ్లు పట్టుకొచ్చి, "చీర్ అప్" అని చెప్పి వెళ్లాడు. మరిది గోడకానుకుని నిలబడ్డాడు. "ఆ ఇంగ్లీషు గోల నీకెందుకు వదినా" అని మాత్రం అన్నాడు. తోడికోడలు కళ్లు మూసుకుని పడుకుంది గానీ, నిద్రపోవడం లేదని సైరనక్కకు తెలుసు.

మర్నాడు ఆమె నేరుగా మేనేజరు గదికి వెళ్లింది. "యంత్రాల దగ్గర మేం మా మాటే మాట్లాడతాం సార్."

"తప్పు మాటది కాదమ్మా, మీరు పలకడంలో ఉంది. ఇంకాస్త ప్రాక్టీసు చెయ్యండి. కమాన్, యూ కెన్ డూ ఇట్."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఇంకెవరి వేళ్ల మీద ప్రాక్టీసు చెయ్యమంటారు సార్?"

వారం తిరక్కుండానే ఆమెను ఇన్‌ఛార్జి పనిలోంచి తీసేసి, దిండు గలీబులు మడిచే బల్ల దగ్గర వేశారు. ఆమె స్థానంలోకి హోటలు ముందు భాగం నుంచి ఒకాయన వచ్చాడు. 'హోల్డ్ ఆన్' తీసేసి దాని బదులు 'వెయిట్' అనమన్నారు. అంతే, అంతకుమించి ఏదీ మారలేదు. ఆ మాటకు కూడా రోలరు దగ్గరివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, సైరనక్క పళ్లు కొరుక్కుంటూ గలీబులు మడిచేది. అరవబోయి, తనకిక ఆ హక్కు లేదని గుర్తొచ్చి ఊరుకునేది.

ఇంట్లో అంతకన్నా కష్టంగా ఉండేది. వంటగదిలో ఇద్దరూ గిన్నెల చప్పుడుతోనే సరిపెట్టుకునేవారు. తోడికోడలి కట్లు విప్పారు గానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. ఒకరోజు పొద్దున్నే ఆమె ఎడమచేత్తో జడ వేసుకోవాలని తంటాలు పడుతుంటే, సైరనక్క చూడలేకపోయింది.

"ఇటివ్వు, నే వేస్తా."

"నీ మీద కోపం లేదనుకోకక్కా. ఉంది." తోడికోడలు అద్దంలోంచే చూస్తూ అంది. "ఆ మేనేజరు గుమ్మంలో లేకపోతే ఆగు అనేదానివేగా?"

"అనేదాన్నే" అంది సైరనక్క.

ఎడమచెయ్యి మళ్లీ కాసేపు జుట్టుతో పెనుగులాడింది. చివరికి తోడికోడలు దువ్వెన వెనక్కి చాపింది. సైరనక్క వెనక కూర్చుని పాయలు తీసింది. ఎక్కడో చిక్కు తగిలి జుట్టు లాగింది.

"మెల్లిగా" అంది తోడికోడలు.