భక్తపూర్‌లో వరికంకి పట్టుకున్న అమ్మ

మాది పావగడ తాలూకా, తిరుమణి దగ్గర పల్లె. మూడేళ్లుగా వాన సరిగా లేక శెనక్కాయ పండలేదు. రెండేళ్ల కిందట మా ఆయన బోరు లారీలో పనికి పోయాడు. ఊళ్లు తిరుగుతూ ఎవరెవరి చేలలోనో నీళ్ల కోసం భూమి తొలిచే పని. పోయేటప్పుడు "వాన పడి విత్తనమేసే పొద్దుకు వస్తాలే" అన్నాడు. ఆ రెండేళ్లూ విత్తనానికి సరిపడా వాన పడలేదు, ఆయనా రాలేదు. అందుకే మా అత్త, నేపాల్లో పశుపతికి మొక్కు ఉందని, యాత్ర బస్సులో తోడు రమ్మని అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. కోడలికి భక్తి ఎక్కువని అందరూ అనుకున్నారు. నేను బయల్దేరింది ఆయన కోసం మొక్కుకోడానికి. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

మా వైపు విత్తనానికి శెనక్కాయలు మిషన్లో కొట్టించరు, పప్పు చీలిపోతుంది. ఆడవాళ్లం కూర్చొని చేత్తోనే ఒలుస్తాం. అట్లా ఒలిచినవాటిలో, పైపొర ఎక్కడా చిట్లని గింజలు ఒక పిడికెడు ఏరి అత్త పసుపు బట్టలో ముడి కట్టింది. దాన్ని దేవునికి ముట్టించి తెచ్చి విత్తనంలో కలిపితే వాన వస్తుందని మాకు నమ్మకం. ఆ ముడి నా చేతికే ఇచ్చింది.

బస్సులో నలభై మందిమి. వంటపాత్రలు, స్టవ్వులు పైన కట్టి, వంటకు నాగప్ప అనే ఆయన్ను వెంట తీసుకుపోయారు. కల్యాణదుర్గం, అనంతపురం, కర్నూలు, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి ఏడో రోజు చేరాం. కాశీ నుంచి గోరఖ్‌పూర్, అక్కడి నుంచి సునౌలి దగ్గర సరిహద్దు. మనకు పాస్‌పోర్టు అక్కర్లేదు. ఏ ఊరని అడిగి గేటు ఎత్తారు. సరిహద్దు దాటాక ఖాట్మండుకు ఒక పగలంతా కొండమలుపులే. సగం బస్సు వాంతులు చేసుకుంది. ముందు సీట్లలో కూర్చున్న వాళ్లు కొంత మేలు. మన రూపాయలు అక్కడ చెల్లుతాయి, చిల్లర మాత్రం వాళ్లది ఇస్తారు.

పశుపతి గుడిలో తెల్లవారుజామునే వరుసలో నిలబడ్డాం. లోపల పూజలు చేసేది మన దక్షిణాది భట్టులేనని, కన్నడంలో అడిగితే చాలని నాగప్ప ముందే చెప్పాడు. వెండి తలుపు దగ్గరికి నా వంతు వచ్చింది. పూజారి నా వైపు చేయి చాపాడు. నా నోరు పెగల్లేదు. ముడి నా పిడికిట్లోనే ఉంది. ఇంతలో వెనకవాళ్లు ముందుకు తోశారు, బయటికి వచ్చేశాను. "ముట్టించినావామే?" అని అత్త అడిగితే "ఊ" అన్నాను. అత్త కంటపడకుండా ముడి కొంగులో దాచుకున్నాను. మిగిలింది ఒక్క పగలు. మరుసటి తెల్లవారి నాలుగింటికి బస్సు తిరుగు ప్రయాణం.

ఆ పగలు తక్కినవాళ్లంతా అంగళ్లకు పోయారు. నాగప్ప చిత్రాన్నం కట్టుకొని మమ్మల్నిద్దర్నీ భక్తపూర్ అనే పాత ఊరు చూపిస్తానన్నాడు. తొమ్మిదింటికి త్రిపురేశ్వర్‌లో కరెంటు బస్సు ఎక్కాం. పైన తీగలకు రెండు కొమ్ములు తగిలించుకొని నడిచే బస్సు. టికెట్టు చాలా తక్కువ.

"కరెంటు పోతే యాడిదాడే నిల్చిపోతుందా నాగప్పా?" అని అత్త అడిగింది.

"మనూరి కరెంటుతో నడిపితే ఈ బస్సు పావగడ బస్టాండు కూడా దాటదు లేమ్మా."

ముప్పావు గంటలో దిగి, వాగు దాటి ఎత్తెక్కి పావుగంట నడిస్తే ఎర్ర ఇటుకల రాజవాడ వస్తుంది. ఒక వాకిలికి అటు ఇటు రాతి విగ్రహాలు ఉన్నాయి. ఒక పక్క ఆంజనేయుడు, ఇంకో పక్క నరసింహస్వామి. అత్త నిలువునా ఆగిపోయింది. "కదిరి సామి ఈడికొచ్చినాడే!" అంటూ చెప్పులు విడిచి, నడుం సంచిలో నుంచి కర్పూరం తీసింది. గేటు మనిషి నవ్వుతూ చేతులు అడ్డం ఊపాడు.

"ఇది గుడి కాదమ్మా, ఈ దేశం వాళ్ల బొమ్మల మ్యూజియం. టికెట్టు కొని చూడాల. మంగళవారం మూసేస్తారు, ఈ పొద్దు బుధవారం కాబట్టి సరిపోయింది" అన్నాడు నాగప్ప.

"టికెట్టు కొని చూసే దేవుండ్లేందప్పా!" అంటూనే అత్త లోపలికి నడిచింది. చెప్పులు మాత్రం వాకిట్లోనే వదిలింది. నేనూ వదిలాను. అక్కడ వట్టి కాళ్లతో తిరిగింది మేమిద్దరమే.

చిన్న చిన్న గదులు, తక్కువ వెలుతురు, కాళ్లకింద చల్లటి నేల. గోడలకు బట్టమీద గీసిన పాత బొమ్మలు. గంటలో అంతా చూసేయవచ్చు. లోపలి గదిలో ఒక బొమ్మ దగ్గర నేను కదల్లేకపోయాను. పసుపు రంగు ఒళ్లు, ఆరు చేతులు. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో కలశం, ఇంకో చేతిలో నిండు వరికంకి. ఆమె వసుధార అని, గింజలిచ్చే తల్లి అని నాగప్ప చెప్పి పక్క గదిలోకి పోయాడు. అత్త ఆయన వెనకే పోయింది. కంకి పట్టుకున్న తల్లికి శెనక్కాయ గింజ సంగతి మాత్రం తెలియదా అనిపించింది. ముడి తీసి, ఆమె పాదాల దగ్గరికి చేయి చాపాను.

మూలన స్టూలు మీద స్వెట్టరు అల్లుకుంటున్న కాపలా ఆమె లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "నహీ, బహిన్, నహీ." ఆ మాటకు అత్త, నాగప్ప తిరిగి వచ్చారు. "ముట్టకూడదంటమ్మా. ఈడ పూజ చేయరు, చూడాల, అంతే" అన్నాడు నాగప్ప.

అత్త చూపు బొమ్మ మీద లేదు, ముడి మీద ఉంది. "నిన్న ముట్టించినానంటివి కదమే రత్నా?"

"నోరు రాలేదత్తా. ఆయప్ప చేయి చాపినాడు. నా చేయి లేయలేదు."

అందరి ముందూ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఏమడగాలనుకుంటివి?" అంది.

"వాన."

"వానొక్కటేనా?"

తల వంచుకున్నాను. "ఆయన రావాల."

"ఆ మాట వానికి చెప్పినావా?"

లేదన్నట్టు తల ఊపాను. మా ఊళ్లో ఫోను లేదు, ఇంటి నుంచి ఆయనకు పోయే జాబులు బడి అయ్యవారే రాసేవాడు. అత్త చెప్తుంటే బావి సంగతి, మేకల సంగతి. నేను వాకిలి చాటున నిలబడి వినేదాన్ని. ఆరో తరగతి దాకా చదివాను, రాయడం వచ్చు. నేను రాస్తానని అడగడానికే సిగ్గు.

"వానికి చెప్పకుండా ఈమెకు చెప్తే ఏం లాభమే? ఈమెకు తెలుగొస్తుందా?" అంది అత్త. నాగప్ప నవ్వాడు. కాపలా ఆమెకు ఏమర్థమైందో, తనూ నవ్వింది. అత్త నవ్వలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నా కొడుకు నేను పిలిస్తే రాలేదు. నువ్వు పిల్చి చూడు."

టికెట్ల బల్ల దగ్గర బొమ్మల కార్డులు అమ్ముతారు. ఆ అమ్మ బొమ్మ లేదు, నెమలి చెక్కిన కిటికీ బొమ్మే దొరికింది. వాకిట్లో మెట్టు మీద కూర్చొని నాగప్ప పెన్నుతో ఒకటే మాట రాశాను: "వాన పడినా పడకపోయినా రా." కార్డులో ఇంకా చోటు ఉంది. నాకు రాయాల్సింది అంతే.

"అడ్రసు యాడుందే? ఇంట్లో కదా కవర్లుండేది" అంది అత్త. బోరు లారీ ఆఫీసు పేరు, హొసూరులో వీధి, పిన్‌కోడుతో సహా ఆగకుండా రాసేశాను. అత్త నన్ను అట్లాగే చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం ఖాట్మండు పోస్టాఫీసులో స్టాంపు అంటించి పెట్టెలో వేశాం.

ఇప్పుడు ఆషాఢం. రెండు జల్లులు పడ్డాయి, దుమ్ము కూడా అణగలేదు. దేవునికి ముట్టించని ఆ ముడి విత్తనాల మూటలోనే ఉంది. పోయిన నెల ఒక జాబు వచ్చింది. పైన మొదటిసారి నా పేరు రాసి ఉంది. లారీ రాజస్థానంలో ఉందట, ఆ పని ముగిసినాక బయల్దేరతాడట. ఏ రోజని రాయలేదు. సాయంత్రం బస్సు వచ్చే వేళకు ఇంట్లో నాకేదో ఒక పని వాకిట్లోనే ఉంటుంది. అత్తకూ అంతే. ఒకరినొకరం ఏమీ అడగం. ఆయన వచ్చాక ఆ చల్లటి గదిలోకి ఒకసారి తీసుకుపోయి, పసుపు ఒంటి అమ్మను చూపించాలని ఉంది. అంత దూరం మళ్లీ పోతామో లేదో తెలియదు. అనుకోవడానికి మాత్రం సిగ్గుపడటం లేదు.

మీలో ఎవరైనా అటు పోయేటట్టుంటే ఒక్క మాట. మీ వాళ్ల అడ్రసు చీటీ మీద రాసుకొని పోండి. అక్కడ కార్డులు దొరుకుతాయి, దూరం పోయాక రాయాలనిపిస్తుంది. నాకైతే చీటీ అవసరం రాలేదు.