పోక్ అన్న పాత మాట

తప్పుడు ఇంగ్లిష్ నేర్పుతోందని, అమెరికాలో మా హెర్న్‌డన్ అపార్ట్‌మెంట్స్‌లో పిల్లలకు కథలు చదివే ముసలావిడను మాన్పించేశారు. మాన్పించమన్న అర్జీ మీద సంతకాలు పెట్టింది మన తెలుగువాళ్లే! ఆవిడది వెస్ట్ వర్జీనియా కొండప్రాంతం. కథకు ముందు గుడ్డసంచిని తడుతూ, "నా పోక్‌లో ఏముందో చెప్పుకోండి!" అనేది. పోక్ అంటే సంచి. కొన్ని వందల ఏళ్లనాటి మాట. పాకెట్ అంటే అసలు చిన్న పోక్ అనే అర్థం. ఐదో క్లాసుతో బడి మానేసిన నేను లైబ్రరీలో నిఘంటువులు తిరగేసి తెలుసుకున్నాను. ఆవిడకు చెబితే సంచి తట్టడం ఆపేసి, "ఈ మాటకే బళ్లో దెబ్బలు తిన్నాను," అంది.

సంతకాలు సేకరించినాయనకు ఇదంతా వివరిస్తూ మూడు ఉత్తరాలు రాశాను. చివరికి జవాబొచ్చింది: "అంకుల్, మీరు చెప్పింది కరెక్టే. కానీ రేపు మా పాప ఇంటర్వ్యూలో అలా మాట్లాడితే జాబ్ ఎవరిస్తారండీ?"